కాసుల కత్తికి కత్తెర శత్రువు

ఆడవాళ్లు పోగుచేసే వస్తువులంటే చీరలు, గాజులు, స్టీలు సామాను తప్ప మరేమీ ఉండవని లోకం నమ్మకం. నేను కత్తులు పోగుచేస్తానని చెబితే ఎదుటి మనిషి కుర్చీ కాస్త వెనక్కి జరుగుతుంది. మా వారు వెంటనే అందుకుని, “భయపడకండి, వాటితో వంకాయ కూడా తెగదు” అని అభయమిస్తారు. నిజమే, తెగదు. అవి కోయడానికి చేసినవి కావు. చైనాలో పాత నాణేలను ఎర్రదారంతో గుచ్చి కత్తి ఆకారంలో కట్టిన కాసుల కత్తులు అవి. నా దగ్గరున్నవి మూడే. మూడింటికే ఇంత సంబరమా అనకండి. ఆ మూడింటి కోసం నేను పెట్టుకున్న వాదులాటలు ముప్ఫైకి తక్కువ ఉండవు. ఇది ముప్ఫై ఒకటోది. ఈసారి మీ అందరి ఎదుటా పెట్టుకుంటున్నాను.

ముందు వస్తువేమిటో చెప్పాలి గదా. సన్నని ఇనుప కడ్డీ ఒకటో రెండో తీసుకుంటారు. దానికి అటూ ఇటూ నాణేలు పేరుస్తారు. చైనా పాత నాణేనికి నడిమధ్య నలుచదరపు చిల్లు ఉంటుందని మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. ఆ చిల్లులోంచి ఎర్రదారం పోనిచ్చి, ఒక నాణెం అంచు మీద రెండో నాణెం అంచు వచ్చేలా, చేప పొలుసుల మాదిరిగా కట్టుకుంటూ పోతారు. కొస దగ్గర సన్నగా, మొదట్లో వెడల్పుగా, పిడి దగ్గర అడ్డంగా నాలుగైదు నాణేలు. పిడి చివర ఓ ఎర్ర కుచ్చు. మొత్తం పొడవు ఇంచుమించు రెండడుగులు. నాణేలు వంద దాకా పడతాయి. చేతిలోకి తీసుకుంటే అర కిలో బరువు తూగుతుంది. కదిపితే గలగలమనదు. గలగలమంటే కట్టు వదులైందని అర్థం.

ఆ చిల్లు ఎందుకని అడుగుతారేమో. గుండ్రం ఆకాశానికి, నలుచదరం భూమికి గుర్తని చైనా పెద్దలు చెప్పుకున్నారు. పనివాళ్ల లెక్క మాత్రం వేరు. ఆ నాణేలు అచ్చు గుద్దినవి కావు, ఇసుక మూసల్లో పోతపోసినవి. మూసలోంచి తీసిన నాణేల అంచులు గరుకుగా ఉంటాయి. వాటిని నలుచదరపు కడ్డీకి గుచ్చి బిగిస్తే గిర్రున తిరగకుండా నిలుస్తాయి, ఆకురాయితో ఒక్కసారే అంచులన్నీ రాయవచ్చు. పైగా తాడుకు గుచ్చుకుని భుజాన వేసుకుని పోవచ్చు. వెయ్యి నాణేలు ఒక పేరు. సంతకి వెళ్లేవాడికి మెడలో దండలా ఉండేదన్నమాట డబ్బు. సుమారు నాలుగు కిలోల దండ!

ఇంకో చిత్రం. క్రీస్తుకు పూర్వం చైనాలో చీ, యెన్ వంటి రాజ్యాల్లో డబ్బే కత్తి ఆకారంలో ఉండేది. కంచుతో చిన్న చిన్న చాకుల్లా పోసి చెలామణీ చేశారు. క్రీ.పూ. 221లో చిన్ చక్రవర్తి దేశమంతా ఒక్కటి చేశాక గుండ్రని చిల్లు నాణెమే ఖాయమయింది. రెండువేల యేళ్ల పైచిలుకు, 1912లో రాచరికం పోయేదాకా, అదే ఆకారం. కత్తి కరిగి కాసయింది. తర్వాత జనం ఆ కాసుల్నే కూర్చి మళ్లీ కత్తి చేసుకున్నారు. రాజు కత్తి యుద్ధానికి. ఇంటి కత్తి మంచం తలాపికి.

అవును, మంచం తలాపికే. ఈ కత్తి ఎక్కడ వేలాడదీసేవారో పాత పుస్తకాల్లో రాసి ఉంది. ఫూచౌ నగరంలో చాలాకాలం ఉన్న డూలిటిల్ అనే అమెరికన్ మిషనరీ 1865లో అచ్చువేసిన తన పుస్తకంలో ఈ డబ్బు కత్తిని వర్ణించాడు. చైనా కస్టమ్సు శాఖలో పనిచేసిన విలియమ్స్ అనే ఆయన 1930లలో వెలువరించిన గ్రంథంలోనూ ఉంది. జబ్బుతో ఉన్న మనిషి మంచం దగ్గర, ఎవరైనా ఉరిపోసుకునో నూతిలో పడో పోయిన ఇంట్లోని గదిలో, దయ్యం భయం ఉన్నచోట ఈ కత్తి కట్టేవారు. నాణెం మీద చక్రవర్తి పేరు ఉంటుంది కదా. ఆయనే స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు లెక్క. ఎంత మొండి దయ్యమైనా చక్రవర్తి పేరు చూసి హడలిపోతుందని నమ్మకం. ఊళ్లో మునసబు పేరు చెబితే దొంగ జడుసుకోడూ, అలాగ.

అందులోనూ కాంగ్‌షీ చక్రవర్తి నాణేలకు గిరాకీ ఎక్కువ. ఆయన 1661 నుంచి 1722 దాకా, అంటే అరవై ఒక్క సంవత్సరం ఏలాడు. చైనావాళ్లకీ మనలాగే అరవై యేళ్ల చక్రం ఉంది. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా ఎలాగో వాళ్లకూ అలాగే. ఒక చక్రమంతా సింహాసనం మీద కూచున్న మనిషి కనుక ఆయన పేరు దీర్ఘాయువుకు మారుపేరయింది. ఆయన మనవడు చియన్‌లుంగ్ తాతగారిని మించకూడదని అరవై యేళ్లు నిండగానే 1796లో సింహాసనం దిగిపోయాడు. జబ్బుపడ్డ బిడ్డ మంచానికి ఆ తాతా మనవళ్ల పేర్లు కట్టిన తల్లి ఏం కోరుకుందో నేను వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ కత్తికి దయ్యాలు జడిశాయో లేదో గాని, దయ్యాలకంటే గట్టివాళ్లు ఇద్దరు దీని వెంట పడ్డారు. ఒకడి చేతిలో కత్తెర ఉంది. రెండోవాడి చేతిలో బిల్లు పుస్తకం ఉంది. నా పోట్లాట ఈ ఇద్దరితోనూ.

మొదటివాడు నాణేల పిచ్చివాడు. అందరూ అలాంటివాళ్లని అనను. శాస్త్రంగా చదివి, పదిలంగా దాచి, పదిమందికీ చెప్పే నాణేల పండితులంటే నాకు గౌరవం. నేను చెప్పేది కత్తి కనబడగానే దారం తెంపేవాడి మాట. ఎందుకు తెంపుతాడంటే, లోపల అరుదైన నాణెం ఉందేమోనని ఆశ. కాంగ్‌షీ కాలంలో ఇరవైకి పైగా టంకశాలలు ఉండేవి. రాజధాని బయటి టంకశాలలు నాణెం వెనకవైపు తమ గుర్తు వేశాయి, ఒక పక్క చైనా లిపిలో, ఇంకో పక్క మంచూ లిపిలో. ఆ టంకశాలల గుర్తులు ఇరవై వరసగా పేర్చి చైనావాళ్లు పద్యంలా చెప్పుకునేవారు, ఇరవై నాణేలూ సేకరించి దగ్గరుంచుకుంటే మంచిదని నమ్మేవారు. అందులో తైవాను టంకశాల నాణెం మహా అరుదు. దానికోసం ఈ మహానుభావుడు కత్తి వెంట కత్తి తెంపి, వందేసి నాణేలు బోర్లించి చూస్తాడు. నూటికి తొంభై తొమ్మిది మామూలువే. కాంగ్‌షీ నాణేలు, చియన్‌లుంగ్ నాణేలు కోటానుకోట్లు పోతపోశారు. ఇప్పటికీ గుప్పెళ్ల లెక్కన దొరుకుతాయి. కత్తి మాత్రం పోయింది.

మూడేళ్ల క్రితం ఒక నాణేల ప్రదర్శనకు వెళ్లాను. ఏ ఊరు, ఏ కొట్టు అన్నది అనవసరం. బల్లమీద చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో చైనా నాణేలు, ఒక్కొక్కటి విడివిడిగా. బల్ల కింద అట్టపెట్టెలో తుప్పుపట్టిన ఇనుప కడ్డీ, దానికి చిక్కుపడిపోయిన ఎర్రదారపు పోగులు. చూడగానే నాకు అర్థమైంది.

“ఇదేమిటండీ?” అన్నాను.

“చెత్తండీ. కత్తి తాలూకు. నాణేలు విడగొట్టేశాను.”

“కత్తిగానే అమ్మకపోయారా?”

“కత్తిగా ఎవరు కొంటారమ్మా? విడిగా అయితే పిల్లలు కూడా ఒకటీ అరా కొనుక్కుంటారు. ఆ దారాలకేముంది విలువ?”

ఆ చెత్త నాకిమ్మన్నాను. డబ్బు తీసుకోకుండానే ఇచ్చాడు. నా మూడు కత్తుల్లో మూడోది అదే. కాసులు లేని కాసుల కత్తి. దారం మీద ఒక్కొక్క నాణెం ఒరుసుకున్నచోట గుండ్రంగా పచ్చని చిలుము మరక ఉంది. లెక్కపెట్టాను. ఇటు నలభై ఎనిమిది, అటు నలభై ఎనిమిది. నాణేలు పోయినా వాటి అడుగుజాడలు దారం మోస్తూనే ఉంది.

“ఆ దారాలకేముంది విలువ?” ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ? నేను విన్నాను. కాసులపేరు తీసుకుని బంగారం కొట్టుకు వెళ్లిన ప్రతి ఆడదీ విని ఉంటుంది. అమ్మమ్మ మెడలోది, అమ్మ పెళ్లికి వేసుకున్నది, ఒక్కొక్క కాసూ ఒక్కొక్క పంట డబ్బుతో చేర్చింది. కొట్టువాడు తక్కెట్లో పడేసి, తరుగు తీసేసి, “మజూరీ లెక్కలోకి రాదమ్మా” అంటాడు. చేసిన చేతి పనికి సున్నా. దాచిన యేళ్లకు సున్నా. లోహానికే ధర. కరిగించి ముద్ద చేసేశాక ఆ ముద్దకి అమ్మమ్మ ఎవరో ఏం తెలుసు? కత్తెర పట్టుకున్న పెద్దమనిషి చేసేదీ అంతే. నాణెం అతనికి వస్తువు, కట్టు అతనికి చెత్త.

నేనంటాను, తిరగవేసి చూడండి. నాణెం టంకశాలలో కోట్లలో ఒకటిగా పుట్టింది. సంతలో ఉప్పుకీ, నూనెకీ చేతులు మారింది. అది అందరిదీ. దాన్ని ఖర్చు పెట్టకుండా తీసి, వందా పోగుచేసి, ఎర్రదారం కొని, ఒక్కొక్కటే బిగించి ముడివేసిన క్షణంలోనే అది ఒక ఇంటి సొత్తయింది. మనం వెంకన్నకు మొక్కుకుని పసుపు గుడ్డలో రూపాయి కట్టి ముడుపు తీస్తాం. ఆ రూపాయి విలువ రూపాయేనా? ముడి విప్పి రూపాయి ఖర్చు పెట్టేసి, “గుడ్డదేముంది” అంటే ఊరుకుంటామా? కత్తిలో డబ్బు నాణేలది, ప్రాణం ముడిది.

పైగా ముడులు మిగలడమే కష్టం. నాణెం భూమిలో వెయ్యేళ్లున్నా చెక్కుచెదరదు. తంజావూరు జిల్లాలో నేలలోంచి చైనా రాగి నాణేలు బయటపడ్డాయి. చోళుల కాలంనాటి వర్తకం తాలూకు గుర్తులవి. దారం అలా కాదు. తేమకు కుళ్లుతుంది, ఎండకు వెలుస్తుంది, ఎలుక కొరుకుతుంది. దానికి తోడు మనుషుల కోపం. 1966లో చైనాలో సాంస్కృతిక విప్లవం మొదలైనప్పుడు పాత ఆచారాలు, పాత అలవాట్లు, పాత సంస్కృతి, పాత భావాలు అనే నాలుగు పాతలనూ ఊడ్చేయమని కుర్రకారును ఉసికొల్పారు. మూఢనమ్మకాల వస్తువులని ముద్రపడ్డవన్నీ ఇళ్లలోంచి లాగి పగలగొట్టారు, తగలబెట్టారు. అటువంటి గాలివానలు దాటి, ఏ మంచానికి కట్టిన దారంతో ఆ దారంతోనే నిలిచిన కత్తి ఒకటి చేతికొస్తే, దానికి కత్తెర పెట్టడానికి చేతులెలా వస్తాయి?

“అయితే నాణేల గురించి తెలుసుకోవద్దా?” అని ఒక అబ్బాయి నన్ను నిలదీశాడు. తెలుసుకో నాయనా, తప్పకుండా తెలుసుకో. నాణేల ముఖాలు చేప పొలుసుల్లా పైకే కనిపిస్తున్నాయి. భూతద్దం పట్టుకుని చదువు. వెనక్కి ఉన్న నాణేలను తెంపకుండానే కాస్త ఒత్తిగిలించి చూడవచ్చు. ఏ చక్రవర్తి నాణేలు ఏ వరసలో కట్టారు, కొస దగ్గర చిన్నవి ఎలా ఏరారు, అరిగిపోయినవి ఎన్ని, ఆ రోజుల్లో దొంగచాటుగా పోతపోసిన పల్చటి నకిలీలు ఎన్ని కలిశాయి, ఇవన్నీ కట్టు ఉన్నప్పుడే చెబుతుంది కత్తి. తెంపేశాక వంద నాణేలకు వంద ధరలు మిగులుతాయి. ఒక్క కథ మిగలదు.

ఇక రెండోవాడు. బిల్లు పుస్తకం వాడు. ఇతను దారం తెంపడు. ఇతను తెంపేది మన ధైర్యాన్ని.

పాతిక సంవత్సరాల పైబడి మన హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ఫెంగ్‌షుయీ సామాను కొట్లు చూస్తూనే ఉన్నాం. నవ్వే బుద్ధుడు, వెదురు మొక్క, మూడు కాళ్ల కప్ప, ఎర్ర రిబ్బనుకు కట్టిన మూడు నాణేలు. వాటి పక్కనే కాసుల కత్తి. “ఐదుగురు చక్రవర్తుల నాణేలమ్మా” అంటాడు. షున్‌జీ, కాంగ్‌షీ, యుంగ్‌జెంగ్, చియన్‌లుంగ్, జియాచింగ్, వీళ్లే ఆ ఐదుగురు. 1644 నుంచి 1820 దాకా వరసగా ఏలినవాళ్లు. పేర్లు నిజమే. కాని అతని చేతిలోని నాణేలకూ వాళ్లకూ ఏ చుట్టరికమూ లేదు. నిరుడు ఫ్యాక్టరీలో తయారైన రేకు బిళ్లలవి.

అలంకారానికి కొనుక్కుంటే ఏ పేచీ లేదు. నా రెండో కత్తి అలాంటిదే. మా పెద్దమ్మాయి సింగపూరు చైనాటౌనులో కొని పంపింది. కొత్తదని చెప్పే అమ్మారు, కొత్తదని తెలిసే కొన్నది. ముందు గదిలో గోడకు ఎర్రగా ముచ్చటగా ఉంటుంది. నా పేచీ భయం అమ్మేవాడితో. “మీ ఇంట్లో ఈ మూల దోషం ఉందమ్మా, అందుకే మీ అబ్బాయికి సంబంధం కుదరడం లేదు. ఈ కత్తి కడితే మూడు నెలల్లో...” అంటాడు. ఆ మాట వినేది ఎవరు? మనమే. మగవాళ్ల దగ్గర ఈ పాచిక పారదని కాదు, పారుతుంది, కాని ఇంట్లో జ్వరం, పరీక్ష, సంబంధం, సంతానం అన్నీ మన నెత్తిమీద వేసుకుని కూచుంటాం గనుక ముందు మన దగ్గరికే వస్తాడు. వంద రేకు బిళ్లలు, గజం నైలాను దారం, వేల రూపాయల బిల్లు.

ఎంత అన్యాయమో చూడండి. చైనాలో ఆ తల్లి జబ్బు బిడ్డ మంచానికి కత్తి కట్టిందంటే తన దగ్గరున్నదేదో తీసి కట్టింది. చేతిలో చెలామణీ అయ్యే నాణేలే అవి. తన భయానికి తను చేసుకున్న మందు. ఈ కొట్టువాడు ముందు భయాన్ని తయారుచేసి, తర్వాత మందు అమ్ముతున్నాడు. ఆవిడ కత్తిలో భయం డబ్బును కట్టిపడేసింది. ఇతని కత్తిలో డబ్బు భయాన్ని కట్టిపడేస్తోంది.

ఇద్దరూ వేరువేరుగా కనిపిస్తారు గాని, కత్తెరవాడూ బిల్లువాడూ ఒక తాను ముక్కలే. ఇద్దరికీ నాణెమే కనిపిస్తుంది. ఒకడికి అందులో ధర, రెండోవాడికి అందులో అదృష్టం. ఆ ఎర్రదారాన్ని వేళ్లతో బిగించిన మనిషి ఇద్దరికీ కనబడదు.

“నమ్మకం లేనిదానివి, నీకెందుకీ కత్తులు?” అని మా తోడికోడలు సూటిగానే అడిగింది. మంచి ప్రశ్న. కత్తి జ్వరం తగ్గిస్తుందని నేను నమ్మను. జ్వరానికి డాక్టరు ఉన్నాడు. కాని డాక్టరు, సూదిమందు లేని రోజుల్లో, బిడ్డ ఒళ్లు పెనంలా కాలుతుంటే, రాత్రంతా దీపం పెట్టుకుని కూచున్న తల్లి చేతులు ఖాళీగా ఉండలేవు. ఏదో ఒకటి కట్టాలి, ఏదో ఒకటి ముడివేయాలి. చైనాలో నూరు ఇళ్లు తిరిగి నూరు నాణేలు అడిగి తెచ్చి, బిడ్డ మెడకు తాళంకప్ప చేయించేవారు. నూరు కుటుంబాల దీవెన బిడ్డను లోకానికి కట్టి ఉంచుతుందని. కొత్త సంవత్సరం ముందు రాత్రి రంగుదారానికి నాణేలు గుచ్చి పిల్లల మంచం కాళ్ల దగ్గర పెట్టేవారు. మన అమ్మమ్మలు మాత్రం ఊరుకున్నారా? 1943 నుంచి 1947 దాకా బ్రిటిషు ప్రభుత్వం వేసిన చిల్లుకానీ చేతికి చిక్కగానే పిల్లాడి మొలతాడుకు ఎక్కించారు. ఎక్కడి ఫూచౌ, ఎక్కడి తెనాలి! నాణేనికి చిల్లు కనబడితే చాలు, తల్లికి దారం గుర్తొస్తుంది.

నేను దాచుకునేది ఆ గుర్తును. నమ్మకం కూలిపోవచ్చు, కూలిపోవడమే మంచిది కూడాను. ఆ నమ్మకం వెనక ఉన్న ఆరాటం మాత్రం అబద్ధం కాదు. దాన్ని చెత్తబుట్టలో వేసే హక్కు కత్తెరవాడికి లేదు. దాన్ని బిల్లు వేసి అమ్ముకునే హక్కు కొట్టువాడికీ లేదు.

ఇంకో అభ్యంతరం మా వీధిలోనే వినిపించింది. “ఎవరి మంచానికి కట్టిందో, ఏ చావు చూసిందో, అలాంటిది ఇంట్లో పెట్టుకుంటారా? అశుభం!” నా మొదటి కత్తి కథ ఇక్కడ చెప్పాలి. మా అమ్మ పెదనాన్నగారు 1930లలో రంగం వెళ్లి బియ్యం మిల్లులో గుమాస్తాగిరీ చేశారు. మన తీరం జిల్లాల నుంచి ఎంతమందో రంగూను వెళ్లి బతికిన రోజులవి. ఆయన అద్దెకున్న ఇంటి కింది వాటాలో చైనా కుటుంబం ఉండేదిట. దక్షిణ చైనా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటి ముసలమ్మగారు ఈయన చేతిలో కత్తి పెట్టిందని, “నా కొడుకు బతికాడు, నీ పిల్లలూ బతుకుతారు” అన్నదని మా అమ్మ చెప్పేది. ఆ ఇంట్లో చావు చూడలేదు ఆ కత్తి, బతుకు చూసింది. ఒకవేళ చావే చూసినా ఏమిటిట? మనమందరం పుట్టిన మంచాల మీదే మన పెద్దవాళ్లు కన్నుమూశారు. ఆ మంచాలు పారేశామా? పాలు తాగి పెరిగిన ఉగ్గుగిన్నె, పోయినవాళ్ల నోట్లో తులసినీళ్లు పోసిన ఉద్ధరిణి ఒకే అలమరలో ఉన్నాయి మన ఇళ్లల్లో.

కాబట్టి పోగుచేయదలచుకున్న అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు.

పాతదని ఎవరైనా చెబితే ముందు నాణేలకంటే కట్టును చూడండి. నిజంగా వాడిన నాణేలు అన్నీ ఒక్క తీరున ఉండవు. ఒకటి కాస్త పెద్ద, ఒకటి చిన్న, ఒకటి అరిగింది, ఒకటి నల్లబడింది. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే పరిమాణం, ఒకే మెరుపు, ఒకే గీత ఉంటే అవి చక్రవర్తిని ఎరగవు. దారం నిగనిగలాడే నైలాను అయితే అది మనకంటే చిన్నది. కొత్తదని ఒప్పుకుని కొత్త ధరకి ఇస్తే సంతోషంగా కొనుక్కోండి.

పాతది దొరికితే చింతపండు జోలికి వెళ్లకండి! ఇత్తడి కనబడితే మన చేతులు ఊరుకోవని నాకు తెలుసు. పులుపు నాణేన్ని తళతళలాడిస్తుంది గాని దారాన్ని తినేస్తుంది, లోపల కడ్డీని తుప్పు పట్టిస్తుంది. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. మేకుకు వేలాడదీయకండి. ముసలి దారం అర కిలో బరువు మోయలేదు. పెట్టెలో పాత నూలుచీర మడత మీద పడుకోబెట్టండి. ఎండ తగలనివ్వకండి, ఎరుపు వెలిసిపోతుంది. ఎక్కడైనా దారం తెగితే పాతది తీసేయకుండా, పక్కనుంచి సన్నని నూలుదారంతో ఆ ఒక్క నాణేన్నీ నిలబెట్టండి. ఎవరిచ్చారు, ఏ ఊరిది, ఎప్పుడు వచ్చింది అన్నది కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి. మన తర్వాత ఆ పెట్టె తెరిచే కోడలికో మనవరాలికో ఆ కాగితం నాణేలకంటే ఎక్కువ పనికొస్తుంది.

భయపెట్టి అమ్మేవాడు వస్తే మాత్రం కాఫీ కూడా ఇవ్వకండి. “అయ్యా, మా ఇంటి మూలలు మాకు బాగానే ఉన్నాయి” అని పంపేయండి. అబ్బాయి సంబంధం సంగతి పెళ్లిళ్ల పేరయ్య చూసుకుంటాడు.

ఎవరైనా పాత కత్తి చేతబట్టి, కత్తెర కోసం సొరుగు వెతుకుతుంటే, ఆ సొరుగుకు తాళం వేసి తాళంచెవి బొడ్డులో దోపుకోండి. నాణేలు కావాలంటే బజారులో గుప్పెళ్లకు గుప్పెళ్లు దొరుకుతాయని చెప్పండి. ఆ ముడి ఒక్కటే దొరకదు.